కథయ్యాక నీతి అడక్కండి

నేను రెండో తరగతి టీచర్ని. ఆదివారం పొద్దున పదింటికి బెంగళూరు రామమూర్తి నగర్‌లో మా మేడ మీద చుట్టుపక్కల తెలుగు పిల్లలకి కథలు చెబుతాను. "మావాడు కాస్త మంచిగా మారే కథ ఏదైనా చెప్పండి మిస్" అని తల్లులు దోసెపిండి కొనే దగ్గర కూడా ఆపి అడుగుతుంటారు, మందుల షాపులో దగ్గు టానిక్ అడిగినట్టు.

ఏ కథ చెప్పాలన్నది తర్వాత చూద్దాం. చెప్పాక ఏం అనకూడదో ముందు చెబుతాను. "పిల్లలూ, ఈ కథలో నీతి ఏమిటి?" అని మాత్రం అడక్కండి. అడిగితే ఏమవుతుందో ఏ క్లాసులోకైనా వెళ్లి చూడండి. "అందరితో మంచిగా ఉండాలి మిస్" అని కోరస్‌గా వస్తుంది. ఆ మాట పూర్తి కాకముందే వెనక బెంచీ వాడు ముందు బెంచీ పిల్ల జడ లాగుతుంటాడు. వాడు అబద్ధమేం చెప్పలేదు పాపం. ప్రశ్నకి జవాబు తెలుసు, చెప్పేశాడు, వాడి పని అయిపోయింది.

దాని బదులు కథని మధ్యలో ఆపండి. పాత్ర ఏదో ఒకటి తేల్చుకోవాల్సిన చోట ఆపి, ఇప్పుడు ఏం చేస్తే బాగుంటుందో పిల్లల్ని మాట్లాడుకోనివ్వండి. చివర మాత్రం ఏమీ అనకుండా లేచిపోండి. మొదట్లో మనకే నోరు దురద పెడుతుంది. ఓర్చుకోవాలి.

ముందు ఏ అలవాటో చూసుకోండి

దయ, మంచితనం అనే పెద్ద మాటలతో మొదలుపెడితే కథ దొరకదు. కంటికి కనబడే పని ఒక్కటి పట్టుకోండి. మా దగ్గర మామూలుగా వచ్చేవి ఇవి: నీళ్ల కుళాయి దగ్గర తోసుకోవడం, పక్కవాడి టిఫిన్ డబ్బాలో రాగిముద్ద చూసి ముక్కు మూసుకోవడం, సెక్యూరిటీ తాతని "ఏయ్" అని పిలవడం, ఆటలో ఓడినందుకు ఒక్కణ్ని పట్టుకుని వారమంతా ఏడిపించడం. బెంగళూరులో ఇంకొకటుంది. మధ్యలో బదిలీ మీద వచ్చిన పిల్లకి కన్నడ రాదు, ఇంగ్లీషు అంతంతమాత్రం. ఆ పిల్ల నోరు తెరిస్తే చాలు, నవ్వు. తెలుగు, తమిళం, హిందీ, మలయాళం అన్నీ ఒకే బెంచీ మీద కూర్చునే ఊళ్లో కూడా ఈ నవ్వు తప్పడం లేదు.

వయసు సంగతి కూడా చూసుకోవాలి. స్విట్జర్లాండ్‌కి చెందిన మనస్తత్వవేత్త పియాజే 1930ల నాటికే పిల్లల్ని ఒక ప్రశ్న అడిగాడు. ఒక అబ్బాయి తలుపు తోశాడు, వెనక ట్రే ఉందని తెలియదు, 15 కప్పులు పగిలాయి. ఇంకో అబ్బాయి అమ్మ లేనప్పుడు జామ్ దొంగిలించబోతే ఒక కప్పు పగిలింది. ఎవరిది ఎక్కువ తప్పు? చిన్నపిల్లలు 15 కప్పుల వాడిదే అన్నారు. కాస్త పెద్దవాళ్లు రెండోవాడిది అన్నారు. దీన్ని మీ ఇంట్లోనే అడిగి చూడండి, కప్పుల బదులు గాజు గ్లాసులనీ, జామ్ బదులు సున్నుండలనీ మార్చుకుని. "15 పగిలాయి కదా!" అనే పిల్లకి "వాడు కావాలని చేయలేదు" అన్న మలుపు మీద నడిచే కథ ఇంకా ఎక్కదు. వాళ్లకి నష్టం, ఏడుపు, సాయం లాంటివి పైకి కనబడే కథలు చెప్పాలి. మనసులో ఏముందన్న కథలు మూడు, నాలుగు తరగతులకి దాచుకోండి.

ఏ కథ దేనికి

పంచతంత్రం అనగానే అన్నీ నీతికథలే అనుకుంటాం. విష్ణుశర్మ దాన్ని చెప్పింది చదువు ఒంటబట్టని ముగ్గురు రాజకుమారులకి, అదీ లోకం తీరు నేర్పడానికి. అందుకే అందులో సగం కథల్లో గెలిచేది తెలివి, కొన్నిట్లో మోసం కూడా. గుండెకాయ చెట్టు మీద మర్చిపోయానని మొసలికి చెప్పిన కోతి బతికింది అబద్ధం వల్ల. చాలా మంచి కథ, నాకిష్టం కూడా. కానీ నిజం చెప్పడం నేర్పాల్సిన వారంలో దాన్ని ఎత్తకండి. పిల్లలు మనకంటే చురుగ్గా పట్టేస్తారు.

దయకి నేను మళ్లీ మళ్లీ వాడేది పావురాల కథ. నూకలు చూసి ఆశపడ్డ ఒక పావురం మాట విని గుంపంతా కిందికి దిగింది, వలలో పడింది. ఇక్కడ అందరూ ఆ ఒక్క పావురాన్ని తిట్టడం మొదలుపెడతారు. ఇక్కడే ఆపండి. "ఇప్పుడు పావురాల రాజు చిత్రగ్రీవుడు ఏమనాలి?" మా పిల్లల్లో ఎక్కువమంది "దాన్ని ముందు గుంపులోంచి తీసెయ్యాలి" అన్నారు. కబడ్డీలో ఓడితే వాళ్లు చేసేది అదే కదా. అప్పుడు చిత్రగ్రీవుడి మాట చెప్పండి: ఆపదలో ఉన్నప్పుడు ఒకరినొకరు తిట్టుకుని లాభం లేదు, బయటపడే దారి చూద్దాం. అందరూ ఒక్కసారి రెక్కలు కొట్టి వలతో సహా లేచారు. ఇక్కడ పిల్లల్ని నిలబెట్టి ఒక పాత దుప్పటి అంచులు పట్టించి లేపించండి. ఒకడు ఆలస్యమైతే దుప్పటి వంగుతుంది, వాణ్ని తిడితే ఇంకా వంగుతుంది. అది మీరు నోటితో చెప్పక్కర్లేదు.

అక్కడితో అయిపోలేదు. ఎలుక హిరణ్యకుడు వచ్చి రాజు తాళ్లు కొరకబోతాడు. రెండోసారి ఇక్కడ ఆపండి. చిత్రగ్రీవుడు ముందు తనవాళ్ల తాళ్లు కొరకమంటాడు. "రాజు కదా మిస్, ముందు వాడివే కొరకాలి" అని ఒకడంటాడు. "ఎలుక పళ్లు మధ్యలో విరిగిపోతే?" అని ఇంకొకతి అంటుంది. ఆ రెండో ప్రశ్న బంగారం. దాని మీద పావుగంట మాట్లాడుకోనివ్వండి. ఆ వారం కుళాయి దగ్గర లైన్లో ఎవరైనా తోస్తే "హిరణ్యకా!" అని ఒక్క పిలుపు చాలు. తిట్టు కాదు కాబట్టి పిల్లలు కూడా నవ్వి వెనక్కి జరుగుతారు.

ఇక్కడ ఒక చిక్కుంది. కెనడాలో టొరంటో పరిశోధకులు 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. 4 నుంచి 6 ఏళ్ల పిల్లలకి పంచుకోవడం గురించిన కథ చదివి వినిపించి, తర్వాత వాళ్ల స్టిక్కర్లు వేరే పిల్లలకి ఎన్ని ఇస్తారో చూశారు. మనుషుల బొమ్మలున్న కథ విన్నవాళ్లు మునుపటికంటే ఎక్కువ ఇచ్చారు. మనుషుల్లా బట్టలేసుకున్న జంతువుల కథ విన్నవాళ్లలో ఆ పెరుగుదల లేదు. పావురం పనిని తమ పనిగా చూసుకోవడం చిన్నపిల్లలకి అంత తేలిక కాదన్నమాట. అందుకని జంతువుల కథలు మానేయమని నేననను. పక్కనే ఒక మనిషి కథ పెట్టండి. పావురాల తర్వాతి వారం సిద్ధార్థుడూ హంసా కథ చెబుతాను. దేవదత్తుడు బాణం వేశాడు, సిద్ధార్థుడు తీసి కట్టుకట్టాడు, హంస ఎవరిదన్న తగువు సభకెక్కింది. ఇద్దరూ పిల్లలే, ఇద్దరూ "నాది" అంటున్నారు. స్వింగ్ దగ్గర రోజూ జరిగేదే. తీర్పు మీరు చెప్పకండి. ఇద్దరు పిల్లల్ని వకీళ్లని చేసి, ఇంకో ముగ్గుర్ని జడ్జీలుగా మెట్ల మీద కూర్చోబెట్టండి.

ఆవు, పులి

బెంగళూరులో ఉండి ఈ కథ వదులుకోవడం పాపం. కన్నడిగుల పిల్లలకి గోవిన హాడు, అంటే ఆవు పాటలోని పుణ్యకోటి అనే ఆవు కథ ఉగ్గుపాలతో వస్తుంది. మనకీ ఉంది. 15వ శతాబ్దంలో అనంతామాత్యుడు భోజరాజీయంలో ఈ ఆవు-పులి సంవాదాన్ని పద్యాల్లో రాశాడు. కాబట్టి మా మేడ మీద పక్కింటి కన్నడ పిల్లలు కూడా వచ్చి కూర్చుంటారు. వాళ్లు పాటలో ఒక చరణం పాడతారు, మనం తెలుగులో కథ నడుపుతాం.

అందరూ దీన్ని మాట తప్పకపోవడం గురించిన కథ అనుకుని అటే పరిగెత్తుతారు. నేను నెమ్మదిగా చెప్పేది నడుమనున్న ముక్క. దూడకి పాలిచ్చి తిరిగొస్తానని పులికి మాటిచ్చి ఇంటికొచ్చిన ఆవు దూడకి పాలిచ్చాక మందలో ఉన్న మిగతా ఆవుల దగ్గరికి వెళ్తుంది. నా బిడ్డ ఇక తల్లిలేనిది, ముందుకొస్తే పొడవకండి, వెనకొస్తే తన్నకండి, మీ బిడ్డే అనుకోండి అని అప్పగిస్తుంది. ఇక్కడ ఆపి, "రేపు పొద్దున ఆ దూడ ఒక్కతే మందలోకి వచ్చింది. మీరంతా ఆవులు. ఏం చేస్తారు?" అని అడగండి. ఒక పిల్లని దూడగా నడిపించండి. మొదట అందరూ వింతగా చూస్తారు. ఎవరో ఒకరు పక్కకి జరిగి చోటిస్తారు. అదే పిల్లలు సోమవారం కొత్తగా వచ్చిన పిల్లకి బెంచీ మీద జాగా ఇస్తే మీ కథ పనిచేసినట్టు. ఇవ్వకపోతే తర్వాతి వారం ఆ నవ్విన పిల్లనే దూడని చేయండి. శిక్షలా కాదు, మామూలుగా వంతు వచ్చినట్టు.

ముగింపు దగ్గర జాగ్రత్త. కన్నడ పాటలో పులి తన తప్పు తెలుసుకుని ఎగిరి దూకి చచ్చిపోతుంది. నాలుగో తరగతి దాటినవాళ్లు దాన్ని తట్టుకుంటారు, దాని మీద బాగా వాదిస్తారు కూడా. ఆరేడేళ్ల పిల్లలకి తప్పు ఒప్పుకుంటే చావాలన్న అర్థం వెళ్లడం నాకిష్టం లేదు. వాళ్లకి ఆవు తిరిగొచ్చి పులి ముందు నిలబడ్డ చోటే ఆపి, పులి ఏం చేసిందో బొమ్మ గీసుకు రమ్మంటాను. ఒకసారి ఒకడు పులికి ఇడ్లీ పెట్టిస్తున్న ఆవుని గీసుకొచ్చాడు. నాకు అభ్యంతరం లేదు.

నిజం చెప్పడం

ఇది అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మనం చెప్పే కథలన్నీ భయపెట్టేవే. నాన్నా పులి అని అరిచినవాణ్ని చివరికి పులి తినేసింది, అయిపోయింది. టొరంటోలోనే కాంగ్ లీ అనే ఆచార్యుడి బృందం 2014లో దీన్ని పరీక్షించింది. 3 నుంచి 7 ఏళ్ల పిల్లలకి అబద్ధం వల్ల చెడిపోయిన కథలు చెబితే, తర్వాత వాళ్లు తమ చిన్న తప్పు ఒప్పుకోవడంలో తేడా రాలేదు. చెర్రీ చెట్టు నరికింది నేనే అని ఒప్పుకున్న జార్జి వాషింగ్టన్‌ని తండ్రి మెచ్చుకున్న కథ విన్నవాళ్లు ఎక్కువగా నిజం చెప్పారు. తమాషా ఏమిటంటే ఆ వాషింగ్టన్ కథ వీమ్స్ అనే జీవితచరిత్ర రచయిత కల్పన అంటారు.

మనకి కల్పన అక్కర్లేదు. గాంధీ తన ఆత్మకథలో స్వయంగా రాసుకున్నదుంది. 15 ఏళ్లప్పుడు అన్న చేతి కడియంలోంచి కాస్త బంగారం దొంగిలించాడు. తర్వాత ఉండబట్టలేక తండ్రికి చీటీ రాసి ఇచ్చాడు. జబ్బుతో మంచం మీదున్న తండ్రి లేచి కూర్చుని చదివాడు, కన్నీళ్లు పెట్టుకున్నాడు, కాగితం చింపేశాడు, మళ్లీ పడుకున్నాడు. మూడో తరగతి పిల్లలకి ఇది చెప్పినప్పుడల్లా వచ్చే మొదటి ప్రశ్న ఒకటే: "కొట్టలేదా మిస్?"

ఆ ప్రశ్నకి మీరు జవాబు చెప్పకండి. "ఎందుకు కొట్టలేదంటావ్?" అని వాళ్లకే తిప్పండి. ఆ సాయంత్రం తల్లిదండ్రులకి మాత్రం ఒక మాట చెప్పాలి. ఈ వారం మీవాడు గ్లాసు పగలగొట్టింది నేనే అని వచ్చి చెబితే, దయచేసి వీపు మీద వేయకండి. గాజుపెంకులు వాడి చేతే జాగ్రత్తగా చీపురుతో ఎత్తించండి, చాలు. ఇంట్లో దెబ్బపడితే నేను ఎన్ని కథలు చెప్పినా దండగే.

చెప్పే తీరు

ఫోన్లో చూసి చదవకండి. పిల్లలు మీ మొహం చూడాలి. చిన్నవాళ్లకి పది నిమిషాలు దాటించకండి, మాట్లాడుకోవడానికి అంతకు రెట్టింపు వదిలేయండి. భాష గురించి టెన్షన్ పడొద్దు. ఇక్కడి మన పిల్లలు "మిస్, ఆ టైగర్ యాక్చువల్లీ స్యాడ్‌గా ఉందా?" అంటారు. "ఏమో, దిగులుగానే ఉన్నట్టుంది" అని మీరు తెలుగులో కొనసాగించండి, వాళ్ల మాట సరిదిద్దకండి. సరిదిద్దితే తర్వాత నోరు తెరవరు. అడిగిన కథే మళ్లీ అడిగితే మళ్లీ చెప్పండి.

"నువ్వైతే ఏం చేస్తావ్?" అన్న ప్రశ్న వినడానికి బాగుంటుంది కానీ దానికి మంచి పిల్లాడి జవాబే వస్తుంది. "ఆ పావురానికి ఇప్పుడు ఎలా ఉండి ఉంటుంది?" అని అడగండి. లేదా "ఇలాంటిది మన వీధిలో ఎప్పుడైనా చూశారా?" అనండి. ఇతరుల గురించి అడిగితే పిల్లలు నిజాలు చెబుతారు. పేర్లు మాత్రం చెప్పనివ్వకండి, లేకపోతే కథాసమయం కాస్తా చాడీల పంచాయితీ అవుతుంది.

క్లాసులో జరిగిన గొడవనే కథ చేయాలనిపిస్తుంది. చేయొచ్చు. అదే రోజు చేయకండి, గొడవపడ్డవాళ్లకి అది తమ గురించేనని తెలిసిపోయి చెవుల దాకా ఎర్రబడతారు. వారం ఆగి, ఊరు మార్చి, వస్తువు మార్చి చెప్పండి. రబ్బరు దొంగతనాన్ని నేను కోలారు సంతలో గొర్రెపిల్ల తప్పిపోయిన కథగా మార్చాను. తీసుకున్నవాడికి ఎందుకు కావాల్సి వచ్చిందో కూడా కథలో ఉండాలి. దుర్మార్గుడిగా చూపిస్తే ఏ పిల్లాడూ ఆ పాత్రలో తనని చూసుకోడు.

కొందరు పిల్లలు ఎప్పుడూ పులి పక్షమే. "నేనైతే ఆవుని తినేస్తా" అని గట్టిగా అంటారు, అందరూ నవ్వుతారు. కోప్పడకండి. "సరే, తినేశావ్. సాయంత్రం దూడ వెతుక్కుంటూ వచ్చి నిన్నే అడిగింది, ఏం చెబుతావ్?" అని కథ ముందుకి నడపమనండి. సాధారణంగా వాడు కాసేపు తల గోక్కుని, "అడవి అవతలుంది అని చెబుతా" అంటాడు. అక్కడినుంచి మిగతా పిల్లలే వాణ్ని చూసుకుంటారు.

బహుమతిగా చాక్లెట్లు, స్టార్లు పెట్టకండి. పెట్టిన మర్నాటినుంచి సాయం చేసి మీ వైపు చూసేవాళ్లు తయారవుతారు.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లకి ఒక సలహా. మొదటి వారం రాజుగారి ఏడుగురు కొడుకులు, ఏడు చేపల కథతో దిగండి. అందరికీ తెలిసినదే కాబట్టి సిగ్గు పోతుంది. పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి ఒకరికి చేప, ఒకరికి గడ్డిమోపు, ఒకరికి ఆవు, ఇలా పాత్రలు పంచండి. ఎవరిని అడిగినా తప్పు పక్కవాడి మీదకి నెట్టడమే, పిల్లలు అది పొట్టచెక్కలయ్యేలా ఆడతారు. చీమ వంతు వచ్చాక, నా పుట్టలో వేలు పెడితే కుట్టనా అన్నాక, రెండో ఆట పెట్టండి. ఈసారి ప్రతివాళ్లూ పక్కవాడి మీదకి నెట్టకుండా "నేను ఇది చేసి ఉండాల్సింది" అని ఒక్క ముక్క చెప్పాలి. గొల్లవాడికి మాట త్వరగా దొరుకుతుంది. గడ్డిమోపు పాత్ర వచ్చినవాళ్లు చాలా ఇబ్బంది పడతారు, వాళ్లకి టైమివ్వండి. రెండో వారం పావురాలు, తర్వాత హంస. ఆవు-పులి నాలుగో వారం దాకా ఎత్తకండి, అప్పటికి పిల్లలు ఒకరికొకరు అలవాటవుతారు. వానొస్తే మేడ దిగి మెట్ల మీద చెప్పుకోవచ్చు. అక్కడ పులి గొంతు ఇంకా బాగా పలుకుతుంది, కింది ఇంటివాళ్లకి ముందే ఒక మాట చెప్పి ఉంచండి.